నట్టు కదలనప్పుడు దక్కించుకోవాల్సింది ఏది?

పదేళ్లు దాటిన చిన్న కారులో వెనక చక్రం లోపలి వైపు తడి కనిపించి, బ్రేక్ షూలను డ్రమ్ముకు నెట్టే వీల్ సిలిండర్ కారుతోందని తేలిందనుకుందాం. దాన్ని మార్చడం చెప్పుకోవడానికి చాలా తేలికైన పని. డ్రమ్ము ఊడదీయాలి, బ్రేక్ షూలు పక్కకు తప్పించాలి, వెనక ప్లేటుకు సిలిండర్‌ను పట్టి ఉంచిన చిన్న బోల్టులు విప్పాలి. ఇదంతా గంటలోపు వ్యవహారమే. పని ఆగిపోయేది ప్లేటు వెనక, ఎండిన బురద కింద దాక్కున్న ఒక్క నట్టు దగ్గర. బ్రేక్ పైపును సిలిండర్‌కు కలిపే నట్టు అది. చెన్నైలో తిరువాన్మియూరు, నీలాంకరై వైపు కార్లు చూసే షెడ్డుల్లో ఈ పని మొదలైతే కాసేపటికి వినిపించే మాట ఒకటుంది: "పైప్ పోచ్చు సార్." ఓనరు నెల్లూరాయనైనా చిత్తూరాయనైనా ఆ మాత్రం తమిళం అర్థమవుతుంది. నట్టు విప్పబోతే పైపు ఎందుకు పోయిందో మాత్రం ఎవరూ విడమరచి చెప్పరు.

అది తెలియాలంటే ఆ నట్టు ఎలా ఉంటుందో చూడాలి. మామూలు కార్లలో బ్రేక్ పైపు బయటి వ్యాసం 4.75 మిల్లీమీటర్లు. రెండు పొరలుగా చుట్టి అతికిన ఉక్కు గొట్టం అది. దాని చివర గొట్టం అంచును వెలుపలికి విప్పార్చి, గరాటు మూతిలా చేస్తారు. దాన్నే ఫ్లేర్ అంటారు. ఫ్లేర్ చేయకముందే నట్టును పైపుకు తొడిగేస్తారు కాబట్టి ఆ తర్వాత అది ముందుకు ఊడి రాదు. నట్టు బిగిస్తే ఫ్లేర్ వెళ్లి సిలిండర్ లోపలి గుంటకు గట్టిగా అదుముకుంటుంది. లీకు ఆపేది ఆ అదుము మాత్రమే, మరలకు అందులో పాత్ర లేదు. మరలు నట్టును నెట్టి పట్టుకోవడానికే ఉన్నాయి.

ఇక్కడే చిక్కంతా ఉంది. నట్టు తిరిగేటప్పుడు పైపు కదలకుండా నిలబడాలి, నట్టు దాని చుట్టూ జారుతూ తిరగాలి. అంటే తుప్పు పట్టడానికి రెండు చోట్లు దొరికాయి: బయట మరల మీద ఒకటి, లోపల నట్టు రంధ్రానికీ పైపుకూ మధ్య సందులో మరొకటి. ఎక్కువ కార్లలో ఈ నట్టు 10 మిల్లీమీటర్ల వ్యాసం, మిల్లీమీటరుకు ఒక మర. మరల లోతు, మధ్యలో పైపు కోసం తొలిచిన రంధ్రం తీసేస్తే మిగిలే ఇనుము గోడ మందం దాదాపు 2 మిల్లీమీటర్లు. చూడ్డానికి బోల్టులా కనిపించే ఈ వస్తువు నిజానికి ఒక బోలు గొట్టం. గట్టి బోల్టు మీద చూపించే బలం దీని మీద చూపిస్తే తల తెగి చేతికొస్తుంది, మరల భాగం సిలిండర్‌లోనే ఉండిపోతుంది.

దీన్ని బిగించడానికి కంపెనీ మాన్యువళ్లు చెప్పే టార్క్, అంటే తిప్పే బలం, సాధారణంగా 15 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. జానెడు కంటే కాస్త పొట్టి పానా చివర పది కిలోల బలంతో లాగితే సరిపోయే పని. విప్పడానికి దానికి ఎన్నో రెట్లు లాగాల్సి వస్తోందంటే ఆ అదనపు బలమంతా తుప్పుతో కాదు, నట్టు గోడతోనూ పైపుతోనూ పోట్లాడుతోందని గుర్తుంచుకోవాలి.

చెన్నై సంగతి వేరుగా చెప్పుకోవాలి. పట్టేసిన బ్రేక్ నట్ల గురించి వీడియోల్లో కనిపించే సలహాల్లో చాలా భాగం మంచు దేశాల నుంచి వస్తాయి. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది కారు అడుగు భాగమంతా తినేస్తుంది. మన దగ్గర ఉప్పు చల్లేవాళ్లు లేరు, కానీ అది వచ్చే దారులు వేరే ఉన్నాయి. మధ్యాహ్నం మొదలయ్యే సముద్రపు గాలి ఒకటి. బీసెంట్ నగర్ నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు పొడవునా నిలిపి ఉంచే కార్ల మీద ఆ తేమ, ఉప్పు రోజూ వాలుతాయి. రెండోది ఎవరూ పెద్దగా పట్టించుకోనిది: తీరం దగ్గరి అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, కారు తుడిచే మనిషి పొద్దున్నే బకెట్టెడు ఆ నీళ్లే కొడతాడు. పైన గుడ్డతో తుడుస్తాడు, చక్రాల వెనక పడ్డవి అక్కడే ఆరిపోతాయి. ఉప్పు మిగులుతుంది. మూడోది వాన. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడే ఈశాన్య రుతుపవనాల వర్షాల్లో వేళచ్చేరి, పళ్లికరణై లాంటి పల్లపు ప్రాంతాల్లో ఇరుసు మునిగేదాకా నీళ్లు నిలవడం కొత్త కాదు. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులో మునిగి తేలిన కార్లలో ఇంజను బాగు చేయించి, సీట్లు ఆరబెట్టించి ఊరుకున్నవాళ్లు ఎక్కువ. నట్టు వెనక సందులో దిగిన మురికినీటిని ఎవరు తీస్తారు?

అందుకే ఇక్కడి కార్లలో పైపు మధ్య భాగం పూత చెక్కుచెదరకుండా కనిపిస్తూనే, నట్టు దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల మేర మాత్రం పొలుసులు లేచి ఉంటుంది. పూత ఉన్న పైపు సురక్షితం. ఫ్లేర్ చేసేటప్పుడు, నట్టు రాసుకున్నప్పుడు పూత పోయిన చివరలే ముందు తినబడతాయి. నట్టు దిగే ఎదుటి భాగం అల్యూమినియందైతే ఇంకో గొడవ. ఉక్కు నట్టు, అల్యూమినియం మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టేది), మధ్యలో ఉప్పు తేమ చేరితే రెండు లోహాల మధ్య చిన్న విద్యుత్ ప్రవాహం మొదలై అల్యూమినియం తెల్లటి పొడిగా మారుతుంది. మరల మొదట్లో ఎర్రటి తుప్పు బదులు తెల్లటి పొడి కనిపిస్తే అక్కడ పట్టు ఇంకా మొండిగా ఉంటుందని అనుకోవాలి, మరలు మరింత మెత్తగా ఉన్నాయనీ అనుకోవాలి.

పానా అందుకునే ముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ జోడింపులో దక్కించుకోవాల్సింది ఏది? ఒకవైపు పైపు, నట్టు ఉన్నాయి. రెండోవైపు వీల్ సిలిండరో, డిస్కు బ్రేకును నొక్కే కాలిపరో, మాస్టర్ సిలిండరో, గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్టో ఉంటుంది. వీల్ సిలిండర్‌ను ఎలాగూ పారేస్తుంటే దక్కాల్సింది పైపు. అప్పుడు సిలిండర్‌ను వేడి చేసినా, కొట్టినా నష్టం లేదు. ఏబీఎస్ యూనిట్ దగ్గర లెక్క తలకిందులవుతుంది. అక్కడ పైపు విలువ, యూనిట్ విలువ పక్కపక్కన పెట్టి చూసే పనే లేదు. 2019 ఏప్రిల్ నుంచి తయారైన కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి ఈ లెక్క ముందు ముందు ప్రతి షెడ్డులోనూ వేసుకోవాల్సిందే. పైపు మిగుల్చుకుందామని నట్టు మీద బలం పెట్టి ఏబీఎస్ యూనిట్ మరలు పాడుచేసుకోవడం కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. షెడ్డుల్లో జరిగే నష్టంలో చాలా భాగం ఈ ప్రశ్న వేసుకోకపోవడం వల్లే జరుగుతుంది. ఓనరు "కొత్త పైపు దేనికయ్యా, ఉన్నదాన్నే విప్పు" అంటాడు, మెకానిక్ సరేనంటాడు, ఇద్దరూ తప్పు వస్తువును కాపాడుతుంటారు.

ఇక పానా సంగతి. మామూలు ఓపెన్ స్పానర్ ఆరు పలకల నట్టును రెండు పలకల మీదే పట్టుకుంటుంది. కొంచెం వదులుంటే చాలు, మూలలు అరిగి నట్టు గుండ్రం అవుతుంది. అడ్జస్టబుల్ స్పానర్ దీనికంటే ఘోరం. రింగ్ స్పానర్ మంచిదే కానీ పైపు అడ్డం వస్తుంది కాబట్టి పెట్టడానికి వీల్లేదు. ఈ ఇబ్బందికే ఫ్లేర్ నట్ స్పానర్ వచ్చింది. రింగ్ స్పానర్‌లో ఒక పక్క చీలిక పెట్టి, పైపు దూరేంత దారి వదిలినట్టు ఉంటుంది. లోపల పన్నెండు పళ్లు ఉన్న రకం కంటే ఆరు పలకల రకమే కొనాలి. మారుతి, హ్యుందాయ్, టొయోటా, హోండా లాంటి కార్లలో సాధారణంగా 10 సైజు, ఫోక్స్‌వాగన్ కుటుంబంలో 11 సైజు పడుతుంది. తుప్పు తిన్న నట్టు మీద పానా బిగుతుగా కూర్చుంటుందో లేదో కూడా చూడాలి. నాసిరకం స్పానర్ లాగేటప్పుడు చీలిక దగ్గర నోరు తెరుచుకుంటుంది, అప్పుడు ఓపెన్ స్పానర్‌కూ దానికీ తేడా ఉండదు. మొదటి ప్రయత్నానికే సరైన పానా ఉండాలి. మూలలు పోయాక మంచి పానా తెచ్చి లాభం లేదు.

పట్టు వదిలించే ద్రవాల మీద జనానికి ఉన్న నమ్మకం కొంచెం ఎక్కువే. డబ్ల్యూడీ-40 అనేది 1953లో అమెరికాలో తేమను తరిమేయడానికి తయారైన ద్రవం. పట్టేసిన నట్లకూ కొంత పనికొస్తుంది, అంతకంటే గొప్పగా పనిచేసే పెనిట్రేటింగ్ ఆయిళ్లు వేరే ఉన్నాయి. షెడ్డుల్లో కిరోసిన్, డీజిల్ కూడా వాడతారు, అవీ వట్టి నమ్మకాలేం కావు. ఏది వాడినా ఫలితాన్ని తేల్చేవి రెండు: ఎక్కడ పోశారు, ఎంతసేపు ఆగారు. ముందు వైర్ బ్రష్‌తో బురద, పొలుసులు వదలగొట్టాలి. లేకపోతే ఆ పొలుసులే ద్రవాన్ని పీల్చుకుంటాయి. తర్వాత నట్టు సిలిండర్‌లోకి దిగే అంచు దగ్గర కొన్ని చుక్కలు వేయాలి. అక్కడితో ఆపేయడమే సాధారణంగా జరిగే పొరపాటు. నట్టు వెనక వైపు, పైపు లోపలికి దూరే సన్నటి సందు ఉంటుంది. ఆ సందులో కూడా చుక్కలు దిగాలి, రెండో తుప్పు అక్కడుంది. నట్టు కిందికి చూస్తూ ఉంటే వేసింది వేసినట్టు కారిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ వేయాల్సి వస్తుంది. సాయంత్రం వేసి పొద్దున విప్పడం ఉత్తమం. పది నిమిషాల తర్వాత మొదలుపెట్టేవాళ్లకు తుప్పు మీద రంగు తప్ప ఏమీ మారదు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. బ్రేకుల్లోని రబ్బరు సీళ్లు బ్రేక్ ఆయిల్‌కు తట్టుకునే రబ్బరుతో చేస్తారు. పెట్రోలియం నూనె తగిలితే ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. పెనిట్రేటింగ్ ఆయిలు గానీ, కిరోసిన్ గానీ, డీజిల్ గానీ పైపులోకి కొంచెం వెళ్లినా ముప్పే. అందుకని నట్టు కదిలిందని తెలిసిన వెంటనే పూర్తిగా విప్పేయకుండా, చుట్టూ బ్రేక్ క్లీనర్ కొట్టి శుభ్రంగా తుడవాలి. బ్రేక్ షూల మీద, డిస్కు మీద చుక్క పడకుండా గుడ్డ అడ్డం పెట్టడం మామూలు జాగ్రత్తే.

కదిలించే తీరులో చిన్న విద్య ఉంది. ముందు విప్పే వైపు కాకుండా బిగించే వైపు, వెంట్రుక వాసంత కదపాలి. తుప్పు అతుకు తెగేది ఏ వైపు కదిలినా తెగుతుంది, బిగించే వైపు కదిలిస్తే మరల చివరనున్న తుప్పు ముక్కలు అడ్డం పడవు. తర్వాత విప్పే వైపు కొంచెం, మళ్లీ బిగించే వైపు కొంచెం. పానాను అదే పనిగా లాగడం కంటే దాని చివర చేత్తోనో చిన్న సుత్తితోనో టక్కున కొట్టడం మేలు. నట్టు చుట్టూ ఉన్న సిలిండర్ శరీరం మీద సుత్తితో తేలికగా తట్టినా అదురుకు తుప్పు పొడి అవుతుంది. సుత్తి దెబ్బ పైపు మీద మాత్రం పడకూడదు.

ఇప్పుడు ఎడమ చేతి చూపుడు వేలును పైపు మీద, నట్టుకు వెనక ఒక అంగుళం దూరంలో ఆనించి ఉంచాలి. కుడి చేత్తో పానా కదపాలి. మరల పట్టు ఊడితే చిన్న 'టక్' శబ్దం, దాని వెంటే చేతికి ఒక తేలికదనం వస్తాయి. వేలి కింద పైపు కదలకుండా ఉంటే పని అయిపోయినట్టే. శబ్దం లేకుండా రబ్బరు తిప్పినట్టు మెత్తగా సాగుతూ, వేలి కింద పైపు కూడా తిరుగుతోందంటే రెండో పట్టు వదల్లేదన్నమాట. పైపు మెలి పడుతోంది. దాని మీద రంగు ఏటవాలుగా సన్నటి గీతలుగా చిట్లడం కంటికి కూడా కనిపిస్తుంది. అక్కడే ఆగాలి. వెనక్కి తిప్పి, సందులో మళ్లీ ద్రవం వేసి, నట్టును అటూ ఇటూ పావు చుట్టు కూడా మించకుండా ఆడిస్తూ ఉంటే కొన్నిసార్లు వదులుతుంది. ఇంకో దారి సిలిండర్ బోల్టులు విప్పేసి, నట్టును పానాతో కదలకుండా పట్టుకుని సిలిండర్‌నే చుట్టూ తిప్పి మరల నుంచి ఊడదీయడం. పైపు మెలిపడదు, సిలిండర్ ఎలాగూ పారేసేదే. తెలివైన మెకానిక్కులు చేసే పని ఇది.

రబ్బరు హోస్, ఉక్కు పైపు కలిసే చోట రెండు పానాలు పెట్టాలి, ఒకటి హోస్ చివరను కదలకుండా పట్టడానికి, రెండోది నట్టు తిప్పడానికి. బ్రాకెట్ దాన్ని పట్టుకుంటుందిలే అనుకుంటే రేకు బ్రాకెట్ వంగిపోతుంది, హోస్ మెలిపడుతుంది.

వేడి అనేది అందరికీ తెలిసిన మందే, ఎక్కువమంది తప్పు చోట వాడే మందు కూడా. నట్టును వేడి చేస్తే నట్టు ఉబ్బి ఇంకా బిగుస్తుంది. వేడి తగలాల్సింది దాని చుట్టూ ఉన్న శరీరానికి. అది అల్యూమినియమైతే ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. నూరు డిగ్రీలు పెరిగితే 10 మిల్లీమీటర్ల రంధ్రం నట్టు కంటే మిల్లీమీటరులో వందో వంతు అదనంగా తెరుచుకుంటుంది. అతుకు తెగడానికి అది చాలు. కానీ లోపల బ్రేక్ ఆయిల్ ఉంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల దగ్గర, తేమ పీల్చుకున్నదైతే 140 డిగ్రీల దగ్గర మరుగుతుంది. చెన్నై తేమలో ఏళ్ల తరబడి మార్చని ఆయిల్ ఏ అంకెకు దగ్గరగా ఉంటుందో ఊహించుకోవచ్చు. మూసి ఉన్న పైపులో అది మరిగితే ఎటు చిమ్ముతుందో చెప్పలేం, మంట తగిలితే అంటుకుంటుంది కూడా. కారు కింద పెట్రోలు పైపులు సాధారణంగా బ్రేక్ పైపుల పక్కనే పరిగెడతాయి, సీఎన్‌జీ బండైతే మరీ జాగ్రత్త. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. వీల్ సిలిండర్, కాలిపర్ పారేసేవైతే, వాటిని విప్పి బయటికి లాగడానికి వీలైతే, హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేయడం ఒప్పుకోవచ్చు. ఏబీఎస్ యూనిట్ దగ్గర, మాస్టర్ సిలిండర్ దగ్గర గ్యాస్ టార్చ్ తీసుకురావడం మూర్ఖత్వం.

ఇవేవీ పనిచేయకపోతే పైపును కోసేయాలి. ఇది ఓటమి అనుకునేవాళ్లే గంటలు పోగొట్టుకుంటారు. నట్టుకు ఆనుకుని పైపు కోసేస్తే, ఇంతవరకూ పెట్టడానికి వీల్లేని ఆరు పలకల బాక్స్ స్పానర్ నేరుగా నట్టు మీద నిండుగా కూర్చుంటుంది. ఆరు పలకలూ దొరుకుతాయి, నట్టు సాధారణంగా వచ్చేస్తుంది. మూలలు పోయిన నట్టయితే వైస్ గ్రిప్ (బిగిస్తే పట్టు వదలని పట్టకారు) గట్టిగా బిగించి తిప్పడం తర్వాతి మెట్టు. మెకానిక్ ఉలి, సుత్తి తీశాడంటే నట్టు చుట్టూ ఉన్న భాగాన్ని వదులుకోవడానికి సిద్ధంగా ఉన్నారో లేదో ఓనరు అప్పుడే చెప్పేయాలి.

కోశాక కొత్త పైపు కావాలి. జనరల్ ప్యాటర్స్ రోడ్డు దుకాణాల్లో మోడల్ పేరు చెబితే వంపులతో సహా తయారైన పైపు చాలా కార్లకు దొరుకుతుంది. అది దొరికితే ఇంకేం వెతకక్కర్లేదు. పుదుప్పేటలో పాత బండ్ల నుంచి తీసిన పైపు చవగ్గా వస్తుంది, డోరు, అద్దం, సీటు అక్కడ కొంటే అర్థం ఉంది గానీ, బ్రేక్ పైపు మాత్రం వద్దు. అదీ ఇదే ఊళ్లో తుప్పు పట్టిందే. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు ఆ పైపులో ఒత్తిడి వంద బార్ దాకా వెళ్లగలదు, అంటే టైరులో గాలికి నలభై రెట్ల పైమాట. బ్రేకులు కర్ణాల వారీగా రెండు సర్క్యూట్లుగా విడదీసిన కార్లలో ఒక పైపు పగిలితే ఒక ముందు చక్రం, దానికి ఎదురు మూలనున్న వెనక చక్రం రెండింటికీ బ్రేకు పోతుంది.

షెడ్డులోనే పైపు తయారు చేయిస్తుంటే చూడాల్సింది ఫ్లేర్. జపాన్, కొరియా కార్లలో అంచు రెండుసార్లు మడిచిన డబుల్ ఫ్లేర్, యూరప్ కార్లలో ఉబ్బెత్తుగా ఉండే బబుల్ ఫ్లేర్ సాధారణం. ఒకదాని గుంటలో మరొకటి కూర్చోదు. ఏసీ మెకానిక్కుల పనిముట్టుతో ఒక్కసారి విప్పార్చిన సింగిల్ ఫ్లేర్ ఎంత బాగున్నట్టు కనిపించినా ఒప్పుకోకూడదు, ఒత్తిడికి అంచు చీలుతుంది. ఏసీకి వాడే రాగి గొట్టమూ అంతే. రాగి, నికెల్ కలిపిన మిశ్రమ లోహపు బ్రేక్ పైపులు వేరే ఉన్నాయి. చేత్తో వంగుతాయి, తుప్పు పట్టవు. వోల్వో లాంటి కంపెనీలు దశాబ్దాల కిందటే వాటిని వాడాయి. తీరం దగ్గర కారు పెట్టుకునేవాళ్లకు దొరికితే అదే సరైన ఎంపిక.

పైపు తెరిచి ఉన్నంతసేపూ ఆయిల్ కారుతూనే ఉంటుంది. బ్రేక్ పెడల్‌ను ఒక అంగుళం కిందికి నొక్కి, సీటుకు కర్ర ఆనించి నిలబెడితే మాస్టర్ సిలిండర్ లోపలి దారి మూసుకుపోయి కారడం ఆగుతుంది. బ్రేక్ లైట్లు వెలుగుతూ ఉంటాయి కాబట్టి బ్యాటరీ టెర్మినల్ తీసేయాలి. బ్రేక్ ఆయిల్ ట్యాంకు పూర్తిగా ఖాళీ అయి ఏబీఎస్ యూనిట్‌లో గాలి చేరితే మామూలు బ్లీడింగ్‌తో (నిపుల్ వదులు చేసి ఆయిల్‌తో పాటు గాలిని బయటికి తీయడంతో) పోకపోవచ్చు, స్కానర్ పెట్టి వాల్వులు ఆడించాల్సి వస్తుంది. ఆయిల్ రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి, తుడిస్తే పోదు. బ్లీడింగ్ నిపుల్ కూడా బోలు గొట్టమే కాబట్టి పైన చెప్పిందంతా దానికీ వర్తిస్తుంది. కొత్త సిలిండర్ బిగించే రోజైతే దాంతో వచ్చిన కొత్త నిపులే ఉంటుంది, పాతదానితో పోట్లాట లేదు.

తిరిగి బిగించేటప్పుడు మరలకు టెఫ్లాన్ టేప్ చుట్టకూడదు. లీకు ఆపేది ఫ్లేర్ కాబట్టి టేపు వల్ల ఉపయోగం సున్నా, దాని పీలిక లోపలికి పోతే నష్టం. నట్టు రంధ్రంలో పైపు జారే చోట, మరల మీద బ్రేకుల కోసమే అమ్మే రబ్బర్ గ్రీజు పలుచగా రాయాలి, ఫ్లేర్ ముఖానికి మాత్రం ఏమీ అంటకూడదు. మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే తిప్పాలి. మర పక్కదారి పట్టిందో లేదో పానాకు తెలియదు, వేళ్లకు తెలుస్తుంది. బ్లీడింగ్ అయ్యాక ఇంజను స్టార్ట్ చేసి ఒకరు పెడల్ గట్టిగా తొక్కి పట్టుకుంటే, రెండోవారు పొడి టిష్యూ కాగితం ప్రతి నట్టు వెనకా అద్ది చూడాలి. కాగితం తడిస్తే ఇంకాస్త బిగించి మళ్లీ చూడాలి, అయినా తడిస్తే ఫ్లేర్ బాగా లేదని అర్థం. అలాంటప్పుడు ఇంకా ఇంకా బిగించకుండా, పైపు విప్పి మళ్లీ ఫ్లేర్ చేయించాలి.